దిక్సూచక్క కాలు విరగ్గొట్టుకున్న రోజు

ఆ రోజు ఉదయం దిక్సూచక్క వేసుకున్న పథకం చాలా చిన్నది. పదిన్నరకి కాలు విరగ్గొట్టుకోవాలి. పదకొండున్నరకి లేచి, బట్టలు దులుపుకుని, అందరితో కలిసి టీ తాగాలి. అంతే.

దిక్సూచక్క అనేది పిల్లలు పెట్టుకున్న పేరు. పద్నాలుగు, పదిహేనేళ్ళ పిల్లల్ని ఎనిమిది మందిని అడవిలోకి తీసుకెళ్ళి, ఏడు రోజుల పాటు కొండలెక్కించి, వాగులు దాటించి, వాళ్ళ తిండి వాళ్ళ చేతే వండించి, ఏడో రోజు సాయంత్రానికి ఎనిమిది మందినీ క్షేమంగా రోడ్డు దగ్గరికి చేర్చడం ఆమె ఉద్యోగం. పొగమంచు కమ్మి ముందున్న మనిషి వీపు కనబడని పూట కూడా ఆమె ఒక్క క్షణం ఆగి, ముక్కు కాస్త పైకెత్తి, "ఇటు" అనేది. దారి అటే ఉండేది. వానలో ఒంటి చేత్తో టెంటు వేసేది. నడక చూసి ఎవరి ఏ కాలి వేలికి బొబ్బ లేచిందో చెప్పేది. ఇంటి మీద బెంగ పెట్టుకున్న పిల్ల కనబడితే పక్కన కూర్చుని, ఒక్క మాటా అడగకుండా ఉల్లిపాయలు ఇచ్చి తరగమనేది. ఏడవడానికి ఒక సాకు దొరికి ఆ పిల్ల తేలికపడేది.

ఇన్ని తెలిసినా, కాగితం మీద ఆమె ఇంకా లీడ్ ఇన్‌స్ట్రక్టర్ కాలేదు. ఆరేళ్ళు సెకండ్ ఇన్‌స్ట్రక్టర్‌గా వరస చివర నడిచింది. కిందటేడు మొదటిసారి లీడ్ పరీక్షకి నిలబడింది. ఆఫీసు నుంచి పరీక్షాధికారి వచ్చి, రెండు రోజులు వెంట నడిచి, వెళ్ళేటప్పుడు ఒకే ఒక్క వాక్యం రాసింది: "అన్నీ తనే చేస్తుంది, పిల్లలకేమీ మిగల్చదు." ఆ వాక్యం దిక్సూచక్కకి ఏడాది పాటు అన్నంలో రాయిలా తగులుతూనే ఉంది. ఈ ఏడు మళ్ళీ పరీక్ష కాబట్టి ఈ యాత్రకి లీడ్ స్థానంలో ఆమే. మళ్ళీ ఆ పరీక్షాధికారే, మూడు రోజులుగా వెంటే నడుస్తోంది. రెండోసారి కూడా తప్పితే మూడో అవకాశం లేదు. జీవితమంతా వరస చివరే.

అందుకే ఆ రోజు కోసం ఆమె ఒక ప్రమాదాన్ని తయారు చేసుకుంది. దాన్ని వాళ్ళు డ్రిల్ అంటారు. ఇన్‌స్ట్రక్టర్ దారిలో దెబ్బ తగిలినట్టు పడిపోవాలి. పిల్లలే పరీక్షించి, కట్టు కట్టి, స్ట్రెచర్ చేసి, ఒక వంద అడుగులు మోయాలి. పెద్దవాళ్ళెవరూ వేలు పెట్టకూడదు. ఒక కార్డు మీద దెబ్బల వివరాలు రాసి ముందే సెకండ్ ఇన్‌స్ట్రక్టర్‌కి ఇచ్చింది: "ఎడమ కాలు విరిగింది. తలకి దెబ్బ. అయోమయంగా మాట్లాడుతుంది. తన పేరు తనకే గుర్తులేదు."

సెకండ్ ఇన్‌స్ట్రక్టర్‌ని పిల్లలు బండన్న అనేవాళ్ళు. మనిషి బీరువా అంత ఉంటాడు, మనసు మాత్రం వెన్న. పోయిన యాత్రలో ఇలాంటి డ్రిల్లోనే దిక్సూచక్క మూలుగుతుంటే చూడలేక, "చాలక్కా, ఆపేద్దాం" అని మధ్యలో ఆపేశాడు. ఆ పూట ఆమె అతన్ని గంట సేపు ఏకధాటిగా కడిగేసింది. "నేను ఏడ్చినా ఆపకు. నిజంగానే తగిలిందని ఒట్టేసినా ఆపకు. చచ్చిపోతున్నానన్నా ఆపకు. మూడుసార్లు విజిల్ ఊదితేనే ఆపు. తెలిసిందా?" అంది. బండన్నకి బాగా తెలిసింది. ఈసారి ఏమైనా సరే మోసపోకూడదని గట్టిగా నిర్ణయించుకున్నాడు.

ఒక్కటే ఆమెని కలవరపెడుతోంది. ప్రతి రోజూ పిల్లల్లో ఒకరు ఆ రోజుకి నాయకులు. వంతు ప్రకారం ఆ రోజు నాయకత్వం ఊఁపిల్లకి వచ్చింది. ఏం అడిగినా "ఊఁ" తప్ప ఇంకో అక్షరం పలకదు కాబట్టి ఆ పిల్లకి ఆ పేరు. ఔననడానికీ ఊఁ, కాదనడానికీ ఊఁ. నాలుగు రోజుల్లో ఆ పిల్ల నోటి నుంచి వచ్చిన అతి పెద్ద మాట "నీళ్ళు."

"బండన్నా, వంతు మార్చేద్దామా?" అంది దిక్సూచక్క పొద్దున్నే టీ నీళ్ళు పెడుతూ.

"పరీక్షాధికారి నీ వెనకాలే ఉన్నారక్కా," అన్నాడు బండన్న పెదవులు కదలకుండా.

తిరిగి చూస్తే నిజంగానే ఉంది. పొట్టిగా, నెరిసిన పొట్టి జుట్టుతో, ప్లాస్టిక్ సంచిలో చుట్టిన పుస్తకంతో. అడుగుల చప్పుడు వినిపించని మనిషి.

"వంతు వంతేనండీ, మార్చకూడదు," అంది దిక్సూచక్క, ఎవరో మార్చమన్నట్టు.

పది గంటలు దాటాక, అందరికన్నా ముందు వెళ్ళి దారి చూసొస్తానని చెప్పి ఆమె మలుపు తిరిగింది. పడిపోవడానికి మంచి చోటు వెతుక్కోవాలి కదా. నీడ ఉండాలి. ముళ్ళు ఉండకూడదు. గంట సేపు పడుకోవాలి కాబట్టి చీమలు అసలే ఉండకూడదు. చిన్న నీటిపాయ పక్కన చదునైన చోటొకటి కనిపించింది. చీమలున్నాయేమో అని వంగి చూస్తూ, అడుగు తీసి నాచు పట్టిన రాతి మీద వేసింది.

నాచు పట్టిన రాతి మీద అడుగు వేయొద్దని ఆమె ఆ నాలుగు రోజుల్లో పిల్లలకి ముప్ఫైసార్లైనా చెప్పి ఉంటుంది.

కుడి పాదం లోపలికి మెలి తిరిగి "టక్" మంది. "అమ్మా!" అని ఆమె కూలబడింది. భుజం మీది బ్యాగు జారి, వాలు మీద పల్టీలు కొట్టుకుంటూ వెళ్ళి, కింద వాగులో బుడుంగుమంది. బ్యాగు పట్టీకి విజిల్ కట్టి ఉంది.

దిక్సూచక్కకి ముందు కలిగింది నొప్పి కాదు. వాచీ చూసుకుంది. పదీ ఇరవై. అనుకున్నదాని కన్నా పది నిమిషాలు ముందే పడింది.

ఆ "అమ్మా" విని అందరూ పరుగెత్తుకొచ్చారు. బండన్న చేతులు కట్టుకుని, మొహంలో ఏ భావమూ లేకుండా నిలబడ్డాడు.

"తమ్ముడూ, డ్రిల్ ఆపు. నిజంగానే కాలు మెలిక పడింది," అంది ఆమె పళ్ళ బిగువున.

బండన్న కళ్ళు మెరిశాయి. "విజిల్ ఏదక్కా?"

"బ్యాగుతో పాటు వాగులో పడింది."

"వాగులోనా!" బండన్న ఆమె చెవి దగ్గరికి వంగి గుసగుసగా, "ఏం ఆలోచించావక్కా! విజిల్ లేకుండా చేసేస్తే నేను మెత్తబడినా ఆపే దారి ఉండదని! ఏం పరవాలేదు. ఈసారి నేను ఆపను. నా మీద నమ్మకముంచు," అన్నాడు. నిటారుగా లేచి, జేబులోంచి కార్డు తీసి ఊఁపిల్లకిచ్చాడు. "మీ అక్క పడిపోయింది. వివరాలు ఇందులో ఉన్నాయి. ఇక మీ చేతుల్లో పని."

ఊఁపిల్ల కార్డు చదివి, ఒకసారి దిక్సూచక్క మొహంలోకి చూసి, కార్డుని డాక్టర్‌కి అందించింది. డాక్టర్ అంటే వాళ్ళత్త నర్సు కావడం వల్ల ఆ పేరు వచ్చిన కుర్రాడు. పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, నేర్పినది నేర్పినట్టుగా మొదలుపెట్టాడు.

"మీ పేరేంటండీ?"

"నా పేరు నీకు తెలియదట్రా!"

"పేరు చెప్పలేకపోతోంది," అని డాక్టర్ కాగితం మీద రాసుకున్నాడు.

దిక్సూచక్క ఇంటిపేరుతో సహా పూర్తి పేరు గట్టిగా చెప్పింది. డాక్టర్ ఇబ్బందిగా బండన్న వైపు చూశాడు.

"గుర్తులేదని కార్డులో ఉంది కదా," అన్నాడు బండన్న. "కాబట్టి ఏ పేరు చెప్పినా తప్పే అనుకోండి."

"ఒరే, నా కుడి కాలు! వాచిపోతోంది! ఆ ఎడమ కాలు వదలండ్రా, దానికేం కాలేదు!"

"కార్డులో ఎడమే ఉందక్కా," అన్నాడు డాక్టర్ ఓపిగ్గా. "తలకి దెబ్బ తగిలితే కుడి ఎడమలు తారుమారవుతాయి. నువ్వే చెప్పావు."

అది ఆమె నిజంగానే చెప్పింది. నిన్న మధ్యాహ్నం, బొమ్మ గీసి మరీ చెప్పింది. పిల్లలు విననట్టు కనిపిస్తారు గానీ ఒక్క ముక్క పోనివ్వరని ఆ క్షణాన ఆమెకి అర్థమైంది. ఇంత బాగా నేర్పినందుకు తనని తనే తిట్టుకుంది.

పరీక్షాధికారి దగ్గరికొచ్చి గొంతుక్కూర్చుంది. రెండు కాళ్ళూ మార్చి మార్చి చూసింది. ఏదో రాసుకుంది. లేచి వెళ్ళి చెట్టుకి ఆనుకుని నిలబడింది.

ఊఁపిల్ల మాత్రం కుడి బూటు లేసులు మెల్లగా వదులు చేసి, బూటు తీసి, మేజోడు కిందికి జరిపి, పాదం మీద రెండు వేళ్ళు ఆనించింది. అంత సేపూ బండన్న దూరంగా కొమ్మ మీది పిట్టని దీక్షగా చూస్తూ నిలబడ్డాడు. ఊఁపిల్ల మేజోడు తిరిగి పైకి లాగింది.

"రెండూ కట్టేద్దాం," అంది.

నాలుగు రోజుల్లో ఆ పిల్ల నోట రెండు మాటలు కలిసి రావడం అదే మొదలు. అందరూ తిరిగి చూశారు.

"రెండెందుకు? కార్డులో ఒకటే ఉంది," అన్నాడు డాక్టర్.

"అలవాటవుతుంది," అంది ఊఁపిల్ల.

టెంటు కడ్డీలు పెట్టి, పడుకునే చాపలు చుట్టి, మెడగుడ్డలతో రెండు కాళ్ళూ బిగించారు. ముడులన్నీ సరిగ్గా పడ్డాయి. తప్పు పట్టడానికి ఒక్క ముడైనా దొరుకుతుందేమోనని దిక్సూచక్క వెతికింది. దొరకలేదు. మొక్కజొన్న పొత్తులా చుట్టేసిన తన రెండు కాళ్ళ వైపు చూసుకుని, "ఎడమ కాలన్నా వదలండ్రా, దురద పుడితే ఎలా?" అంది. డాక్టర్ కాగితం తీసి "అయోమయం ఎక్కువవుతోంది" అని రాశాడు.

ఇంతలో రేడియో వాకీటాకీ అందుకుంది. రేడియో అంటే నిద్రలో కూడా నోరు మూతపడని పిల్ల. డ్రిల్లో కూడా కొండ కింద ఉన్న ఆఫీసుకి సందేశం పంపాలి. కాకపోతే మొదట "శిక్షణ, శిక్షణ" అని రెండుసార్లు చెప్పాలి. అది వింటే అవతలివాళ్ళు సరే అని ఊరుకుంటారు. ఆ రెండు మాటలూ చెప్పడం రేడియో మర్చిపోయింది.

"హలో, హలో! లీడ్ ఇన్‌స్ట్రక్టర్‌కి దెబ్బ తగిలింది! ఎడమ కాలు విరిగింది! తలకి కూడా తగిలింది! తన పేరు తనకే తెలియట్లేదు! అడవి రోడ్డు దగ్గరికి తెస్తున్నాం, జీపు పంపండి!"

"విరగలేదని చెప్పవే! మెలిక అంతేనని చెప్పు! తల బాగానే ఉందని చెప్పు!" దిక్సూచక్క లేవబోయి, కాళ్ళు రెండూ కలిపి కట్టేసి ఉండటంతో మళ్ళీ వెనక్కి పడింది. "అక్కడ మా అమ్మ ఉంటుందే!"

వాళ్ళమ్మ ఆ ఆఫీసులోనే సామాన్ల గది చూసుకుంటుంది. చిరిగిన టెంట్లు, తెగిన బ్యాగు పట్టీలు కుట్టేది ఆవిడే. వాకీటాకీ పెట్టెని ఆవిడ కుట్టుమిషను పక్కనే గోడకి బిగించారు.

"పేషెంట్ కేకలు వేస్తోంది, ఉంటాను," అని రేడియో వాకీటాకీ కట్టేసింది.

మోత మొదలైంది. తాడుతో అల్లిన స్ట్రెచర్, రెండు పక్కలా ముగ్గురేసి పిల్లలు, కాళ్ళ వైపు బండన్న. వేలు పెట్టకూడదని నియమం ఉన్నా, "బరువు మోయడం సలహా ఇచ్చినట్టు కాదు కదా" అని పరీక్షాధికారిని అడిగి, ఆమె తలూపాక చేరాడు. బీరువా ఒక కొసన పట్టుకుంటే స్ట్రెచర్‌కి ఇంకేం కావాలి? మిగిలిన ఇద్దరిలో రేడియో ముందు నడుస్తూ "రాయి! వేరు! గుంట ఎడమ పక్క!" అని కేకేస్తోంది. ఊఁపిల్ల పక్కనే నడుస్తోంది.

బండన్న వంద అడుగులూ లెక్కపెట్టాడు. "వంద! దింపండి. శభాష్!"

"ఇంకో వంద," అంది ఊఁపిల్ల.

"వందే కదా అనుకున్నది?"

"ఊఁ," అంది ఊఁపిల్ల. ఎవరూ దింపలేదు.

రెండొందలయ్యాయి. మూడొందలయ్యాయి. అయిదొందల దగ్గర బండన్న లెక్క మానేశాడు. "ఇలాంటి పిల్లల్ని నేను చూడలేదక్కా," అన్నాడు. "ఇంత పట్టుదల! రోడ్డు దాకా వెళ్ళేట్టున్నారు!"

"రోడ్డు మూడు కిలోమీటర్లురా! వాళ్ళ భుజాలు పడిపోతాయి! నన్ను దింపి, నువ్వొక్కడివి కింద దాకా పరుగెత్తి..."

"అబ్బ, ఆ గొంతులో వణుకు చూడండి," అన్నాడు బండన్న పిల్లలతో. "ఎంత అనుభవం ఉంటే వస్తుంది అలాంటి నటన! నేర్చుకోండి."

మొదటి అరగంటా దిక్సూచక్క నోరు ఆగలేదు. పట్టు మార్చమంది, నెమ్మదిగా అంది, నీళ్ళు తాగమంది, పొడుగు వాళ్ళని దిగువ వైపుకి రమ్మంది. ఎవరూ వినిపించుకోలేదు. తలకి దెబ్బ తగిలిన మనిషి మాటకి విలువేముంటుంది? కాసేపటికి ఆమెకి ఒక సంగతి తెలిసొచ్చింది. ఆమె పట్టు మార్చమనే లోపే పట్టు మారుతోంది. పొడుగువాళ్ళు అప్పటికే దిగువ వైపున్నారు. నీళ్ళ సీసా వంతుల వారీగా తిరుగుతోంది, ఆమె నోటి దగ్గరికి కూడా వచ్చింది. చెప్పడానికి మిగిలింది లేక ఆమె ఊరుకుంది.

ఊరుకున్నాక చూడటం మొదలుపెట్టింది. నాలుగు రోజులుగా ఆమె ఆ పిల్లల్ని చూసింది ముందు నుంచి, వెనక నుంచి, ఎక్కువగా వాళ్ళ కాళ్ళ వైపు. ఇలా కింద నుంచి పైకి ఎప్పుడూ చూడలేదు. ఆకాశం, ఆకులు, వాటి కింద ఆరు గడ్డాలు. చెమట చుక్కలు గడ్డం కొసకి జారి వేలాడుతున్నాయి. మొదటి రోజు తన బ్యాగు తనకే బరువని ఏడ్చిన కుర్రాడు పళ్ళు బిగించి పక్కవాడి వంతు కూడా తనే మోస్తున్నాడు. ఎవరూ విసుక్కోవడం లేదు. ఎవరికి చేతులు లాగుతున్నాయో వాళ్ళు అడక్కముందే ఇంకొకరు వచ్చి భుజం కిందికి దూరుతున్నారు.

అసలు పరీక్ష వాగు దగ్గర వచ్చింది. మోకాలి లోతు నీళ్ళు, జారే రాళ్ళు. కిందటేడు ఇదే వాగు దగ్గర ఆమె తనే దూకి పిల్లల్ని ఒక్కొక్కరినీ చెయ్యి పట్టి దాటించింది. ఆ వాక్యం అక్కడే పుట్టింది. ఇప్పుడు స్ట్రెచర్ మీద పడుకుని రెండు చేతులతో తాళ్ళు పట్టుకుంది. "ఆగండి" అనబోయి నాలుక కరుచుకుంది.

ఊఁపిల్ల ముందు నీళ్ళలోకి దిగింది. నడిమధ్య కాలు నిలదొక్కుకుని నిలబడి, ఒక రాతి మీద కాలు వేసి కదిపి చూసి, "ఊఁ" అంది. మోసేవాళ్ళు ఒక అడుగు వేశారు. ఇంకో రాయి చూసింది. "ఊఁ." ఇంకో అడుగు. ఒక దగ్గర రాయి కదిలింది. ఊఁపిల్ల పలకలేదు. ఏడుగురూ కాలెత్తిన వాళ్ళు ఎత్తినట్టే ఆగిపోయారు. వేరే రాయి దొరికాక మళ్ళీ "ఊఁ." అలా పదహారు ఊఁలకి అవతలి గట్టు వచ్చింది. దిక్సూచక్క తన ఆరేళ్ళలో ఇంత బాగా వాగు దాటిన గుంపుని చూడలేదు. తను దాటించిన వాటితో కలిపి.

గట్టు మీద ఊఁపిల్ల తన తువ్వాలు వాగులో ముంచి, పిండి, కట్టు కాస్త సడలించి, ఆమె కుడి చీలమండ చుట్టూ చుట్టింది.

"కుడి కాలికెందుకు?" అన్నాడు బండన్న.

"అలవాటవుతుంది," అన్నారు ఈసారి అందరూ ఒక్కసారే.

ఒంటిగంటన్నరకి అడవి రోడ్డు చేరారు. జీపు అప్పటికే అక్కడుంది. జీపు కన్నా ముందు దిక్సూచక్క వాళ్ళమ్మ ఎదురొచ్చింది. వచ్చే తొందరలో టెంటు కుట్టే పెద్ద సూది దారంతో సహా జాకెట్టుకే ఉండిపోయింది. స్ట్రెచర్‌ని నేల మీద దించీ దించకముందే మీద పడింది.

"తల్లీ! నేనెవర్నే? నన్ను గుర్తుపట్టావా?"

"అమ్మవి."

"నీ పేరు చెప్పు!"

"నువ్వేగా పెట్టావమ్మా!"

"అయ్యో, చెప్పట్లేదు! పిల్లకి పేరు పోయింది!" అని ఆవిడ గుండెలు బాదుకుంది. "ఎడమ కాలన్నారు, రెండూ కట్టారేమర్రా? దార్లో రెండోది కూడా పోయిందా?"

"కుడొక్కటే అమ్మా. విరగలేదు. మెలిక పడింది."

"ఎడమని నా చెవులారా విన్నాను! కాలు ఏదో కూడా తెలియట్లేదు దీనికి!"

"అమ్మా," దిక్సూచక్క గొంతు పెంచింది, "కాసేపు ఊరుకో. పిల్లలూ, అందరూ ఇటు రండి."

పిల్లలు చుట్టూ చేరారు. బండన్న అందరి బ్యాగులూ జీపులో సర్దుతున్నాడు. పరీక్షాధికారి పుస్తకం తెరిచే ఉంది. ఇక పరీక్ష పోయినట్టేనని దిక్సూచక్కకి తెలుసు. పరీక్ష రోజున నాచు రాతి మీద కాలేసి పడిన మనిషిని లీడ్ ఎవరు చేస్తారు? అయినా అబద్ధం మీద గెలవడం ఆమెకి చేతకాదు.

"మీకొక నిజం చెప్పాలి. భయపడకండి," అంది. "ఇవాళ జరిగింది డ్రిల్ కాదు. నాకు నిజంగానే దెబ్బ తగిలింది."

ఎవరూ ఉలిక్కిపడలేదు. ఎనిమిది మందీ తలొంచుకుని బూట్ల వైపు చూసుకున్నారు.

"తెలుసక్కా," అంది రేడియో.

"తెలుసా? ఎప్పటి నుంచి?"

"నువ్వు 'అమ్మా' అన్నప్పటి నుంచి. ఉత్తుత్తికైతే 'సహాయం, సహాయం' అని పద్ధతిగా అరుస్తావు కదా నువ్వు."

"నాడి నూట ఇరవై ఉందక్కా," అన్నాడు డాక్టర్. "మనిషి నటిస్తుంది గానీ నాడి నటించదు."

"చాక్లెట్ కాగితం కింద పడేస్తేనే ఊరుకోవు నువ్వు," అన్నాడు ఇంకో కుర్రాడు. "బ్యాగు మొత్తం తీసుకెళ్ళి వాగులో పడేసుకుంటావా?"

"మరి శిక్షణ అని చెప్పడం మర్చిపోయావే నువ్వు?" అంది దిక్సూచక్క రేడియోతో.

"మర్చిపోలేదక్కా, మానేశాను. శిక్షణంటే జీపు రాదు కదా. ఎడమ కాలని కావాలనే చెప్పాను. అన్న పక్కనే నిలబడి వింటున్నాడు, కార్డులో ఉన్నదే చెప్పాలి మరి."

"అన్న వింటే ఏం? నిజం తెలిస్తే అన్న సాయం చేసేవాడు కదర్రా!"

పిల్లలందరూ ఊఁపిల్ల వైపు చూశారు. ఊఁపిల్ల జీపు వైపు ఒకసారి చూసి, పక్కనున్న కుర్రాడి భుజం తట్టి, గొంతు తగ్గించి, తన జీవితంలోకెల్లా పొడవైన ప్రసంగం చేసింది.

"మొన్న నువ్వు ముందు దారి చూడ్డానికి వెళ్ళినప్పుడు వీడికి వేలు తెగిందక్కా. అది చూసి అన్న కళ్ళు తిరిగి చెట్టు పట్టుకుని జారిపోయాడు. అరగంట గాలి విసిరాం. నీకు చెప్పొద్దని బతిమాలాడు. ఇవాళ నీ కాలు సంగతి తెలిస్తే మళ్ళీ పడిపోతాడు. నిన్నైతే మోయగలం. అన్నని మోయలేం."

ఆ వాదనలో తప్పెక్కడుందో దిక్సూచక్కకి కనబడలేదు. బీరువాని మూడు కిలోమీటర్లు మోయడం ఊహించుకుంది. ఎనిమిది మంది సరిపోరు.

పరీక్షాధికారి దగ్గరికొచ్చింది. మూడు రోజుల్లో మొదటిసారి నోరు విప్పింది.

"కాలు సంగతి నాకూ తెలుసు. ప్రాణానికేం ఫర్వాలేదని చూసుకున్నాకే ఊరుకున్నాను. ఆ అమ్మాయి రెండు కాళ్ళూ కట్టమన్నాక ఇక నా అవసరం లేదనిపించింది. మీకొకటే ప్రశ్న. ఇవాళ మీరేం చేశారు?"

"ఏమీ చేయలేదండీ," అంది దిక్సూచక్క నిజాయితీగా. "పడుకున్నాను."

"పదకొండేళ్ళుగా ఈ పరీక్ష పెడుతున్నాను. వాగు దగ్గర నోరు మూసుకున్న లీడ్‌ని ఇవాళే చూశాను."

"అంతకు ముందు అరగంట పాటు అరిచానండీ. ఎవరూ వినలేదు."

"మీరు లేకుండా నడవడం వాళ్ళకి ఎవరు నేర్పారు?"

దిక్సూచక్క పిల్లల వైపు చూసింది. పరీక్షాధికారి పుస్తకంలో ఒక వాక్యం రాసి, తిప్పి చూపించింది. "పిల్లలకి అన్నీ మిగిల్చింది. లీడ్‌గా ఖాయం." రేడియో పైకి చదివేసింది. పిల్లల కేకలకి రోడ్డు పక్క చెట్ల మీది పిట్టలన్నీ లేచిపోయాయి. ఏం జరిగిందో సగమే అర్థమైన వాళ్ళమ్మ, "పేరు గుర్తొచ్చిందా?" అని డ్రైవర్‌ని అడిగింది.

ఆ కేకలు విని బండన్న జీపు వెనక నుంచి పరుగెత్తుకొచ్చాడు. "పాసయ్యావా అక్కా? నేను చెప్పలేదూ! ఆ నటన చూశాక పాస్ చేయకుండా ఎలా ఉంటారు!" ఆనందం పట్టలేక తనే మోకాళ్ళ మీద కూర్చుని, ఎవరూ ఆపేలోగా కట్లు విప్పేశాడు. తడి తువ్వాలు లాగేశాడు. మేజోడు జారింది.

చీలమండ గుమ్మడికాయంత వాచి, వంకాయ రంగుకి తిరిగి ఉంది.

బండన్న దాని వైపు చూశాడు. పిల్లల వైపు చూశాడు. ఏదో అడగడానికి నోరు తెరిచాడు. తర్వాత చాలా నెమ్మదిగా, బీరువా ఒరిగినట్టు, ఒక పక్కకి ఒరిగిపోయాడు.

"ఊఁ," అంది ఊఁపిల్ల. ఏడుగురూ కదిలారు.

జీపులో రోగి పడుకునే చోటు ఒక్కటే ఉంది కాబట్టి, లీడ్ ఇన్‌స్ట్రక్టర్ ముందు సీట్లో కూర్చుని వెళ్ళింది.